బొత్తాలు కోసిన చొక్కాలు

మా వీధి చివరి నుంచి కొండమీది పాత కోటకి మెట్లుంటాయి. చూడ్డానికొచ్చే జనమంతా మా గుమ్మం ముందు నుంచే నడుస్తారు, ఎక్కేటప్పుడు హుషారుగా, దిగేటప్పుడు కాళ్ళీడ్చుకుంటూ. ఎక్కినా దిగినా వాళ్ళ నోట్లో మాట మాత్రం ఒకటే: "మా ఊళ్ళో అయితే..." మా ఊళ్ళో అయితే మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీలుంటాయి. మా ఊళ్ళో అయితే మధ్యాహ్నం దుకాణాలు మూయరు. మా ఊళ్ళో అయితే కుక్కలు ఇలా నడివీధిలో పడుకోవు. వీధిలో వాళ్ళం వాళ్ళకి 'మావూళ్ళో వాళ్ళు' అని పేరు పెట్టుకున్నాం. "ఇవాళ మావూళ్ళో వాళ్ళు ఎక్కువగా ఉన్నారు, సైకిలు లోపల పెట్టు" అని ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. నవ్వుకుని ఊరుకునేవాళ్ళం. ఆ ఏడాది దాకా.

మా వదిన టైలరు. వీధిలోకి తెరుచుకునే కింది గదిలో ఆమె పని, పైన మూడు గదుల్లో వాళ్ళ కాపురం. కటింగ్ అంతా వదినదే. అతుకులు, అంచుల ఓవర్‌లాక్ నావి. రెండు సందుల అవతలి నుంచి పొద్దున్నే వచ్చి పొద్దుగూకేదాకా అక్కడే ఉంటాను. మా అమ్మ కాజాలు కుడుతుంది, బొత్తాలు వేస్తుంది. డెబ్భై దాటినా అమ్మ చేత్తో కుట్టిన కాజా మిషను కాజాని వెక్కిరించేలా ఉంటుంది. అన్నయ్య బస్సు డిపోలో మెకానిక్కు. మా పనిలో వేలు పెట్టడు, మేం పెట్టనివ్వం.

ఆ పని గదిలో కుర్చీలూ బల్లలూ ఉండవు. నేలే మాకు బల్ల. బడి యూనిఫాం గుడ్డ తాను విప్పితే ఈ గోడ నుంచి ఆ గోడదాకా పరుచుకుంటుంది. అడుగున ఉతికిన తెల్ల దుప్పటి, దానిమీద ఎనిమిది మడతల నీలం గుడ్డ, ఆపైన మోకాళ్ళమీద మా వదిన, చేతిలో సుద్దముక్క. గుడ్డమీద ఎవరు కాలు పెట్టినా ఊరుకోదు. ఒకసారి అన్నయ్య చెప్పులతో అడ్డంగా నడిచి వెళ్ళాడని మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ రోజు కూడా యూనిఫాంలే పరుచుకుని ఉన్నాయి. మధ్యాహ్నం మూడు దాటాక ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. ఎండకి మొహం కందిపోయింది. చేతిలో సంచీ, దాని పట్టీ తెగి వేలాడుతోంది.

"ఇది కాస్త కుట్టిస్తారా? మెట్ల మీద తెగిపోయింది," అంది.

వదిన నోట్లో గుండుసూదులున్నాయి. తలూపింది. నేను సంచీ అందుకుని మిషను దగ్గర కూర్చున్నాను. ఆవిడ నిలబడే గదంతా కలియజూసింది.

"కూర్చోవడానికి ఏమీ లేదా?"

అమ్మ తను కూర్చున్న స్టూలు ఇచ్చి కింద కూర్చుంది. అమ్మ కళ్ళజోడు కమ్మీ ఆ పొద్దున్నే విరిగింది, సాయంత్రం బాగుచేయిద్దామని అప్పటికి నల్లదారంతో కట్టుకుంది. ఆవిడ ఆ దారం వంకే చూస్తూ ఉండిపోయింది. తర్వాత కాలర్లు మడత పెడుతున్న మా మేనకోడల్ని చూసింది. కాలేజీ నుంచి వచ్చి ఒక గంట సాయం చేస్తుంది ఆ పిల్ల.

"నలుగురూ ఈ గదిలోనే ఉంటారా?" అని అడిగింది.

"పగలంతా ఇక్కడేనండి," అన్నాను నేను. నా బుద్ధికి తోచింది పని గురించి అడిగిందని. ఆవిడ అడిగింది బతుకు గురించి అని అప్పుడు తెలీదు.

"మా ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసుకునే గది కూడా దీనికంటే పెద్దది," అంది. ఎగతాళిగా కాదు, పాపం అన్నట్టు. గొంతు ఎంతో మెత్తగా ఉంది. "అయినా మీరెంత నవ్వుతూ ఉన్నారో," అంటూ ఫోను తీసి ఫోటో తీసుకుంది. తీయనా అని అడిగిందో లేదో నాకు గుర్తులేదు. అడిగే ఉంటుంది, ఏదో ఫోటోలే అని మేం ఊరుకునే ఉంటాం. పట్టీ కుట్టి ఇచ్చాను. ఫోటో పంపిస్తాను అడ్రసు ఇమ్మంటే వదిన షాపు కార్డు ఇచ్చింది. పోతూపోతూ అమ్మ చెయ్యి పట్టుకుని నొక్కింది. అమ్మ తర్వాత, "ఆ మనిషికి ఇంట్లో ఏదో కష్టం ఉన్నట్టుంది," అంది. మేమూ అలాగే అనుకున్నాం.

మూడు వారాల తర్వాత మా మేనకోడలు కాలేజీ నుంచి వస్తూనే బ్యాగు కింద పడేసింది. మొహం ఎర్రగా ఉంది.

"అమ్మా, ఇది చూడు," అని వదిన చేతికి ఫోనిచ్చింది.

మా గది. మధ్యలో మోకాళ్ళమీద వదిన. కింద ఆవిడ రాసింది ఇదీ: "ఒక్క గది, నలుగురు ఆడవాళ్ళు. కూర్చోవడానికి ఒక కుర్చీ లేదు. ముసలి తల్లి కళ్ళజోడుని దారంతో కట్టుకుంది. ఈమె కాళ్ళకి చెప్పులైనా లేవు. నేలమీదే పని, నేలమీదే తిండి, నేలమీదే నిద్ర. అయినా ఆ నవ్వు చూడండి. మా ఇంట్లో పన్నెండు కుర్చీలున్నాయి, ఇలాంటి నవ్వు ఒక్కటీ లేదు. తిరిగొచ్చి మా ఇంటి తలుపు తీశాక, మనకెంత ఉందో అర్థమై కళ్ళనీళ్ళు వచ్చాయి."

పదకొండు వేల మంది చూశారట. కింద అందరూ ఏడుపు బొమ్మలు పెట్టారు. ఒకాయన రాశాడు: "పిల్లల్ని ఇలాంటి చోట్లకి తీసుకెళ్ళాలి. అప్పుడుగానీ ఉన్నదాని విలువ తెలీదు."

వదిన నిలబడే చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది. "నవ్వేంటి?" అంది చివరికి. "నోట్లో ఏడు గుండుసూదులున్నాయి నాకు. పెదాలు బిగించుకున్నాను."

"నేలమీద నిద్రట," అంది మేనకోడలు. "పైన మంచాలున్నాయని ఆవిడకి ఎవరు చెప్పాలి?"

"అడిగితే చెప్పేవాళ్ళం," అంది వదిన. ఫోను తిరిగిచ్చి కత్తెర తీసుకుంది. మధ్యలో ఆగి, "నేలమీదే తిండి అని కూడా రాసింది. ఈ గదిలో మంచినీళ్ళు కూడా తాగనివ్వను నేను, గుడ్డమీద పడతాయని," అంది, ఎవరికీ కాకుండా.

అమ్మకి మాత్రం కళ్ళజోడు దగ్గరే ఆగిపోయింది. ఆవిడ వచ్చిన సాయంత్రమే బాగుచేయించింది కదా, ఆ సంగతి పదకొండు వేల మందికీ ఎలా చెప్పాలా అని ఆమె బాధ. రెండు రోజులు అదే మాట.

ఆ వారంలోనే ఆవిడ దగ్గర్నుంచి పార్సిల్ వచ్చింది. కట్టెలమోపంత అట్టపెట్టె. లోపల పాత బట్టలు, అరిగిన చెప్పులు నాలుగు జతలు, పైన ఒక చీటీ: "మీలాంటి వాళ్ళకి ఉపయోగపడితే మాకు అంతకంటే ఏం కావాలి." వదిన బట్టలు ఒక్కొక్కటే తీసి చూసింది. అది ఆమెకి అలవాటు, చచ్చేంత కోపంలో కూడా చేతికి గుడ్డ తగిలితే అతుకు తిప్పి చూస్తుంది. రెండు గౌన్లమీద టీ మరకలు. ఒక పాంటు జిప్పు పళ్ళూడిపోయింది. అడుగున మగవాళ్ళ చొక్కాలు ఏడు.

వదిన ఒక చొక్కా అమ్మ ఒళ్ళో పెట్టింది. అమ్మ వేళ్ళతో ముందు పట్టీ తడిమింది, పైనుంచి కిందకి. "బొత్తాల్లేవే," అంది.

ఏడింటికీ లేవు. ఊడిపోవడం కాదు, బ్లేడుతో నీటుగా కోసుకున్నారు. దారపు మొదళ్ళు ఇంకా అలాగే ఉన్నాయి. పంపేముందు ఎవరో తీరిగ్గా కూర్చుని, బొత్తాలు మళ్ళీ పనికొస్తాయని కోసి దాచుకుని, చొక్కాలు మాత్రం మాకు దానం చేశారు. ఇరవై రెండేళ్ళుగా ఊరి సగానికి బట్టలు కుడుతున్న మనిషికి.

"చింపి మసిగుడ్డలు చేద్దాం," అన్నాను.

"ముట్టుకోకు," అంది వదిన. అన్నీ మడతపెట్టి పెట్టెలో పెట్టేసింది.

అప్పటికి అది అవమానమే, నష్టం కాదు. నష్టం ఆ తర్వాతి సోమవారం వచ్చింది, బడి గుమాస్తా రూపంలో. తొమ్మిదేళ్ళుగా ఆ బడి యూనిఫాంలు మావే. ఆయన గుమ్మంలో నిలబడి గొడుగు మడుస్తూ విప్పుతూ చాలాసేపు వాన గురించి మాట్లాడాడు.

"అసలు మాట చెప్పండి," అంది వదిన.

"ఈ ఏడాది యూనిఫాంలు ఫ్యాక్టరీకి ఇవ్వాలనుకుంటున్నారమ్మా మేనేజిమెంటు వాళ్ళు. ఆ ఫోటో ఎవరో పిల్లల తల్లిదండ్రులు చూశారు. పిల్లల బట్టలు నేలమీద, తినేచోట, పడుకునేచోట కుడుతున్నారని గొడవ చేశారు."

"కత్తిరించేది నేలమీదే. దుప్పటి పరిచి. తొమ్మిదేళ్ళుగా మీకు తెలుసు కదా."

"నాకు తెలుసమ్మా. వాళ్ళకి ఇప్పుడు తెలిసింది."

ఆయన చెడ్డవాడు కాదు. వెళ్ళేటప్పుడు గుమ్మం తగిలి గొడుగు పడేసుకున్నాడు, తీసుకోకుండానే రెండడుగులు వేశాడు. వదిన గొడుగు తీసి ఇచ్చింది. లోపలికొచ్చి గోడకానుకుని కూర్చుంది. పని గంటల్లో ఆమె అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నీలం గుడ్డ ఇంకా సగం తాను మిగిలే ఉంది.

రాత్రి భోజనాల దగ్గర, "ఆ పార్సిల్ తిరిగిచ్చొస్తాను," అంది.

అన్నయ్య, "పోస్టులో తిప్పి పంపితే పోలా?" అన్నాడు.

"పోస్టులో పంపితే పెట్టె వెళ్తుంది. నేను అనాల్సిన మాట ఎవరు పట్టుకెళ్తారు?"

పెట్టెమీద పంపినవాళ్ళ అడ్రసు ఉంది. పొద్దున్నే మొదటి బస్సుకి నేనూ వదినా బయల్దేరాం. అయిదు గంటల ప్రయాణం. పెట్టె పైన పెట్టమని కండక్టరు మొత్తుకున్నా వదిన వినలేదు, ఒళ్ళోనే పెట్టుకుంది. దార్లో నేను ఏమేం అనాలో నాకు నేనే వల్లించుకుంటున్నాను. నాకు మాటలు ఊరికే తేలిగ్గా వస్తాయి, అందుకే వదిన నన్ను ఎక్కడా మాట్లాడనివ్వదు.

పన్నెండంతస్తుల మేడ. గేటు దగ్గర వాచ్‌మన్ మా చేతిలో పెట్టె చూసి, "పనికొచ్చారా? పనివాళ్ళకి లిఫ్టు వెనకవైపు," అన్నాడు.

"చుట్టపుచూపుగా వచ్చాం," అంది వదిన.

అతను నమ్మలేదు. పైకి ఫోను చేసి కనుక్కుని, ఆశ్చర్యపోతూ ముందు లిఫ్టు చూపించాడు.

ఆవిడ తలుపు తీసి వదిన రెండు చేతులూ పట్టుకుంది. "ఇంత దూరం వచ్చారా, నా కోసం," అంటూ లోపలికి తీసుకెళ్ళింది. మేం దణ్ణాలు పెట్టడానికి వచ్చామనుకుంది పాపం. భర్తని పిలిచి, "నేను చెప్పలేదూ, ఆ కుట్టుపని ఆవిడ," అంది. ఆయన పత్రిక పక్కన పెట్టి తలూపాడు.

ఇల్లు నిజంగానే పెద్దది. కుర్చీలు నిజంగానే పన్నెండున్నాయి, సగం వాటిమీద ఇంకా ప్లాస్టిక్ కవరు తీయలేదు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. తెరలకి అంచు మడత వంకర. నేను వదిన చెవిలో, "ఇంత ఇంట్లో గాలాడదేంటి, మన గదే నయం. ఆ తెరలు చూడు, ఎవరు కుట్టారో గానీ..." అన్నాను.

వదిన నా మోచెయ్యి గిల్లింది. "నువ్వూ మొదలుపెట్టకు," అంది మెల్లగా. నాకు సిగ్గేసింది. లోపలికొచ్చి రెండు నిమిషాలు కాలేదు, మా ఊరి గజంతో వాళ్ళ ఇల్లు కొలవడం అప్పుడే మొదలెట్టేశాను.

వదిన పెట్టె బల్లమీద పెట్టి ఏడు చొక్కాలూ వరసగా పరిచింది. "ఇవి మీవండి. తిరిగివ్వడానికి వచ్చాం."

ఆవిడ మొహం మారింది. "నచ్చలేదా? శుభ్రంగా ఉతికించే పంపాను."

"బొత్తాలు ఎవరు కోశారు?"

ఆవిడ భర్త వంక చూసింది. ఆయన చొక్కాల వంక చూశాడు. "అది... పనమ్మాయి. పాత బట్టలు ఇచ్చేముందు ఎప్పుడూ అలాగే..." అంటూ ఆగిపోయింది.

"మేం టైలర్లం. మా ఇంట్లో అరవై డబ్బాల బొత్తాలున్నాయి. ఆ సంగతి వదిలేయండి. మీరు మా ఇంటికి వచ్చిన రోజు, పైన గదులెన్ని ఉన్నాయని అడిగారా?"

"లేదు. పైన గదులున్నాయా?"

"మూడు. మా అత్తగారి కళ్ళజోడు ఎప్పుడు విరిగిందని అడిగారా? నేను నవ్వుతున్నానా, నోట్లో ఏమైనా ఉందా అని అడిగారా? చెప్పులు ఎందుకు వేసుకోలేదని అడిగారా? ఏమీ అడగలేదు. మీ ఇంట్లో ఏమేం ఉన్నాయో అవి మా గదిలో వెతికారు. లేనివన్నీ రాసేశారు."

"నేను మంచి ఉద్దేశంతోనే రాశానండి. మిమ్మల్ని చూసి నాకెంత..."

"మీ ఉద్దేశం గురించి నేను అడగడం లేదు. తొమ్మిదేళ్ళుగా కుడుతున్న బడి యూనిఫాంలు పోయాయి నాకు. పిల్లల బట్టలు తినేచోట కుడతానని మీరు రాశారు కాబట్టి."

ఆవిడకి నిజంగా తెలీదు. అప్పుడు భర్త కల్పించుకున్నాడు. "చూడండమ్మా, జరిగిందేదో జరిగింది. ఇందులో అబద్ధం ఏముంది, ఉన్నదే ఫోటో తీసింది. ఇంతకీ మీకు కావాల్సింది ఎంతో చెప్పండి," అని జేబులో చెయ్యి పెట్టాడు.

ఇరవై రెండేళ్ళలో మా వదిన గొంతు పెంచడం నేను వినలేదు. అప్పుడూ పెంచలేదు. కానీ ఆయన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

"బస్సులో అయిదు గంటలు కూర్చుని అడుక్కోవడానికి వచ్చానని అనుకున్నారా? మాకు కుర్చీలు లేవని మీరు అనుకున్నారు, సరే. సిగ్గు కూడా లేదనుకున్నారా?" ఆవిడ వైపు తిరిగింది. "మీ ఫోను తీయండమ్మా. నేను చెప్తాను, మీరు రాయండి."

ఆవిడ ఏడుస్తూనే ఫోను తీసింది. వదిన ఒక్కో వాక్యం చెప్పింది. ఇది టైలరింగ్ షాపు. నేలమీద గుడ్డ కత్తిరిస్తారు, అది వాళ్ళ పని పద్ధతి. ఆ గదిలో ఎవరూ తినరు, పడుకోరు. ఇల్లు పైన ఉంది. ఇవేవీ నేను అడగలేదు, అడగకుండా ఊహించి రాశాను.

ఆవిడ చివరి మాట దగ్గర ఆగింది. "'కొంత అపార్థం జరిగింది' అని రాయనా? 'ఊహించి రాశాను' అంటే అందరూ నన్ను..."

"అపార్థం దానంతటది జరగదు. ఎవరో ఒకరు చేస్తారు. నేను చెప్పినట్టే రాయండి."

రాసింది. నేను పక్కన నిలబడి అక్షరం అక్షరం చదివాను. బడివాళ్ళకి విడిగా ఉత్తరం కూడా రాయించింది, సంతకంతో. అదయ్యాక ఆవిడ బల్లమీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వదిన లేచి ఆవిడ వీపుమీద చెయ్యేసి, "ఊరుకోండి, ఊరుకోండి," అంది. మంచినీళ్ళు తెమ్మని భర్తకి చెప్పింది.

తిరుగు బస్సులో నేను ఉబ్బితబ్బిబ్బవుతున్నాను. వాచ్‌మన్ దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ చెప్పుకుంటున్నాను. వదిన కిటికీలోంచి చూస్తూ ఉంది. సగం దారిలో గానీ నేను గమనించలేదు, ఆమె బుగ్గలు తడిసి ఉన్నాయి.

"ఏమైంది వదినా? గెలిచాం కదా."

"నేనెందుకు ఓదార్చానే ఆవిడని?" అంది. "పని పోయింది నాది. బస్సెక్కి వచ్చింది నేను. ఏడ్చింది ఆవిడ, వీపు నిమిరింది నేను. నా చెయ్యి దానంతటదే లేచింది. ఆ చేతిమీద కోపం వస్తోంది నాకు."

ఆ చేతిని తీసి నా ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆ దిద్దుబాటుని మూడు వందల మంది చూశారని మేనకోడలు చెప్పింది. మొదటి దాన్ని పదకొండు వేల మంది, రెండోదాన్ని మూడు వందలు. జాలిపడటం ఎంత తేలికో, పొరపాటుపడ్డామని చదవడం అంత కష్టం కాబోలు. బడి ఆ ఏడాది యూనిఫాంలు ఫ్యాక్టరీకే ఇచ్చింది. ఉత్తరం అందిందని, "విషయం పరిశీలనలో ఉందని" గుమాస్తా వచ్చి చెప్పాడు. పరిశీలించేవాళ్ళు మాత్రం మా గుమ్మం దాకా రాలేదు, నాలుగు వీధులు నడవాలిగా.

ఆ కొద్ది నెలలూ దిండు గలీబులు, తెరలు, ఏది దొరికితే అది కుట్టాం. తర్వాత ఆసుపత్రిలో నర్సుల పెద్దావిడ ఒకరోజు వచ్చి, గదంతా తిరిగి, దుప్పటి ఎన్నాళ్ళకోసారి ఉతుకుతారు, సూదులు ఎక్కడ పెడతారు, రోజుకి ఎన్ని నర్సుల కోట్లు కుట్టగలరు అని అరగంట ప్రశ్నలు అడిగింది. వదిన ఒక్కోదానికీ జవాబు చెప్పింది. మధ్యలో ఒకసారి నా వైపు చూసింది, మనిషంటే ఇలా అడగాలి అన్నట్టు. తెల్లకోట్లు ఎనభై కుట్టమని చెప్పి వెళ్ళింది ఆవిడ.

మొదటి కోటు కత్తిరిస్తుంటే, "కోపం తగ్గిందా?" అని అడిగాను.

"ఎందుకు తగ్గాలి?" అంది వదిన. "ఆ చివర పట్టుకో, గుడ్డ జరుగుతోంది."